పేరు ఒకరిది, పద్దు అందరిది

  

కాసేపట్లో మీ పేర్లు ఒక్కొక్కటే మైకులో చదువుతారు. ఎవరిది ఏ శాఖ, ఎవరికి ఏ పట్టా, ఎవరికి బంగారు పతకం, అన్నీ నలుగురిలో ప్రకటిస్తారు. ఇందులో దాచవలసిందేమీ లేదు. స్నాతకోత్సవం జరిపేదే నలుగురి ఎదుట పట్టా ఇవ్వడానికి. అయితే రేపు ఎవరో ఒకరు ఒక తెల్లకాగితం మీద పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, ఫలానా సంవత్సరంలో ఫలానా పట్టా ఎవరెవరికి ఇచ్చారో ఆ రిజిస్టరు చూపండి అని ఈ విశ్వవిద్యాలయాన్ని అడిగితే చూపాలా, అక్కర్లేదా?

ఢిల్లీ విశ్వవిద్యాలయానికి సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురైంది. 1978లో అక్కడ బి.ఏ. పరీక్ష రాసినవారి రికార్డు చూస్తామని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పడింది. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ పట్టా కూడా ఆ ఏడాదిదే కావడంతో ఆ దరఖాస్తు దేశమంతటా వార్త అయింది. విశ్వవిద్యాలయం చూపనంది. హైదరాబాదు నల్సార్‌లో న్యాయశాస్త్రం బోధించి, అప్పటికి కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్న మాడభూషి శ్రీధర్ ఆచార్యులు 2016 డిసెంబరులో చూపమని ఆదేశించారు. మరుసటి నెలలోనే ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది, 2025 ఆగస్టులో కొట్టివేసింది. పట్టా, మార్కుల వివరాలు వ్యక్తిగత సమాచారమేననీ, జనానికి ఆసక్తి ఉన్నదల్లా ప్రజా ప్రయోజనం కాదనీ చెప్పింది.

ఆ చివరి మాటతో నాకు పేచీ లేదు. తీర్పును గౌరవిస్తూనే నా అభిప్రాయం మీతో చెబుతాను. పట్టా ఇచ్చామన్న నమోదు విశ్వవిద్యాలయం లోకానికి ఇచ్చిన మాట. దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు సంపాదించిన కథలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తరచూ వింటున్నాం. ఆ దొంగతనం నిజంగా చదివిన మీకే నష్టం. కాబట్టి పట్టా నమోదు తెరిచి ఉండాలి. కానీ మీ మార్కుల జాబితా, మీ నాన్నగారి ఆదాయ ధ్రువపత్రం, మీ కుల ధ్రువపత్రం, మీ ఫోన్ నంబరు, మీరు హాస్టల్లో ఉన్నప్పుడు ఆస్పత్రికి వెళ్లిన కాగితం, ఇవన్నీ అదే విశ్వవిద్యాలయం బీరువాలో, చాలాసార్లు అదే ఫైల్లో ఉంటాయి. వాటి జోలికి ఎవరూ రాకూడదు. ఒకే ఫైల్లో ఒక గడి అందరిదీ, పక్క గడి మీ ఒక్కరిదీ. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఆ గడుల గురించే.

సమాచార హక్కు నగరాల్లో, సెమినార్లలో పుట్టలేదు. రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్లిన కూలీలు తమకు ముట్టవలసిన కూలి ముట్టలేదని అడిగారు. హాజరు పట్టీలో, అంటే మస్టర్లో, నీ పని అంతే ఉంది పొమ్మన్నారు అధికారులు. మరి ఆ మస్టరు చూపండి అంటే, అది సర్కారీ రహస్యం అన్నారు. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ వంటివారు ఆ కూలీలతో కలిసి 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి జనసున్వాయీ, అంటే బహిరంగ విచారణ, జరిగింది. ఎలాగో సంపాదించిన మస్టర్లను ఊరి వాళ్ల ముందు గట్టిగా చదివారు. ఇంటిపేర్లతో సహా చదివారు. పని ముఖం చూడనివాళ్ల పేర్లు, ఊళ్లోనే లేనివాళ్ల పేర్లు బయటపడ్డాయి. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. 'హమారా పైసా, హమారా హిసాబ్' అన్నది అక్కడి నినాదం. మా డబ్బు, మా లెక్క. ఆ దారిలోనే 2005 అక్టోబరు 12న జాతీయ స్థాయిలో సమాచార హక్కు చట్టం అమలులోకి వచ్చింది.

మరుసటి సంవత్సరమే అలాంటి మస్టర్లు మన ఊళ్లకు చేరాయి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని ప్రభుత్వ యంత్రాంగంలోనే భాగం చేసింది. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ పెట్టింది. ఈ పనిలో ఉమ్మడి రాష్ట్రం దేశానికి దారి చూపిందని గర్వంగా చెప్పుకోవచ్చు. మీలో కొందరు చిన్నప్పుడు మీ ఊళ్లో చూసే ఉంటారు. ఉపాధి కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి పక్క ఊళ్లకు పంపేవారు. వాళ్లు మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల రికార్డులు తీసుకుని గడప గడపకూ వెళ్లేవారు. 'అమ్మా, ఫలానా వారం చెరువు పూడికకు ఆరు రోజులు వెళ్లినట్టు ఇక్కడుంది, వెళ్లావా? ఇంత డబ్బు తీసుకున్నట్టుంది, తీసుకున్నావా?' ఆపైన గ్రామసభ, ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. షామియానా కింద అధికారులు ఒకవైపు, కూలీలు ఒకవైపు. ఫీల్డ్ అసిస్టెంట్ ముందే నిలబడి, ఈ వేలిముద్ర నాది కాదు అని ఒక ముసలావిడ మైకులో చెప్పడం పత్రికా విలేకరిగా నేను విన్నాను. అప్పుడు ఆ షామియానా కింద కదిలిన వేడి ఏ అసెంబ్లీ గ్యాలరీలోనూ నాకు కనిపించలేదు.

అక్కడ జరుగుతున్నదేమిటో ఆలోచించండి. ఫలానా ఆమె ఫలానా వారం ఎన్ని రోజులు కూలికి వెళ్లింది, ఎంత సంపాదించింది అన్నది నలుగురిలో చదువుతున్నారు. పేరు తీసేసి 'ఒక లబ్ధిదారు, ఆరు రోజులు' అని చదివితే ఆ తనిఖీకి అర్థమే లేదు. దొంగ పేరును పట్టుకోవాలంటే పేరు వినపడాలి. తన పేరు మీద ఎవరో డబ్బు తిన్నారని ఆమెకు తెలియాలన్నా పేరు వినపడాలి. ఇక్కడ పేరు చదవడం ఆమె గౌరవానికి భంగం కాదు. అదే ఆమె చేతిలో ఉన్న ఆయుధం.

ఇప్పుడు అదే పథకం గురించి రెండో కథ చెబుతాను. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్ పోర్టళ్లను పరిశీలించి, వాటిలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా పడి ఉన్నాయని చెప్పింది. అనేకచోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉన్నాయి. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి చంద్రన్న బీమా పథకానిది. రెండోది ఉపాధి హామీ చెల్లింపుల రోజువారీ నివేదిక.

ఏ వివరాలు తెరిచి ఉంచినందుకు మనం దేశానికి ఆదర్శమయ్యామో, ఆ వివరాల పక్కనే కూలికి వెళ్లిన ఆమె ఆధార్ నంబరూ ఖాతా నంబరూ కూడా తెరిచి పెట్టాం. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండకపోవచ్చు. డేటాబేస్‌లో ఉన్న గడులన్నీ తెర మీదికి తెచ్చారు, అంతే. ఏ గడి ఎవరికి, ఎందుకు అని ఒక్కరు ఆగి అడగలేదు. ఆమె ఎన్ని రోజులు పనిచేసిందో, ఎంత జమ అయిందో తెలియడం ఊరికి అవసరం. ఆమె ఖాతా నంబరుతో ఊరికేం పని? అది అవసరమైంది మోసగాడికి మాత్రమే.

ఇంజినీరింగ్ పట్టా తీసుకుంటున్న వారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీలో చాలామంది ప్రభుత్వాల కోసం యాప్‌లూ పోర్టళ్లూ తయారుచేసే సంస్థల్లో చేరతారు. ఆ 2017 నాటి పేజీని రాసినవారూ మీలాగే ఒకనాడు ఇలాంటి హాల్లో కూర్చుని ఉంటారు. మీరు ఒక పేజీ రాసేటప్పుడు ప్రతి గడికీ ఈ ప్రశ్న వేయండి: ఇది కనపడితే ప్రభుత్వం జవాబు చెప్పవలసి వస్తుందా, లేక ఒక మనిషి బతుకు బజారున పడుతుందా? మొదటిదైతే ఉంచండి. రెండోదైతే తీసేయండి. మీ పైఅధికారి తొందరపెట్టినా ఈ ఒక్కచోట తొందరపడకండి.

ఈ ప్రశ్న 2005 నాటి సమాచార హక్కు చట్టంలోనే ఉండేది. సెక్షన్ 8(1)(జె) ఏమన్నదంటే, వ్యక్తిగత సమాచారానికి ఏ ప్రజా కార్యకలాపంతోనూ సంబంధం లేకపోయినా, దాన్ని బయటపెడితే ఒకరి గోప్యతలోకి అకారణంగా చొరబడినట్టయినా ఇవ్వనక్కర్లేదు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉందని అధికారికి తోస్తే మాత్రం ఇవ్వాలి. దానికి తోడు, పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదని కూడా రాశారు. కూలికి వెళ్లే మనిషినీ ఎంపీనీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టిన వాక్యం అది. మన చట్టాల్లో నాకు అత్యంత ప్రీతిపాత్రమైన వాక్యాల్లో ఒకటి.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి, మన ఉమ్మడి రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షులుగా పనిచేసినవారు. ఎనభై ఏళ్లు దాటిన వయసులో, ఆధార్ పేరుతో ప్రభుత్వం పౌరుడి వేలిముద్రలు తీసుకోవడాన్ని ప్రశ్నిస్తూ కోర్టుకెక్కారు. అంటే ఆ హక్కు పుట్టింది ప్రభుత్వ శక్తికి ఎదురుగా పౌరుణ్ణి నిలబెట్టడానికి. ఈ సంగతి మరిచిపోవద్దని మిమ్మల్ని కోరుతున్నాను, ఎందుకంటే తరవాత జరిగింది దీనికి తలకిందులుగా ఉంది.

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేసింది. డేటాను కాపాడే చట్టం దేశానికి అవసరమే. ఎంతో ఆలస్యంగా వచ్చింది కూడా. కానీ అందులోని సెక్షన్ 44(3) సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చింది. ప్రజా కార్యకలాపం, అకారణమైన చొరబాటు, విస్తృత ప్రజా ప్రయోజనం, పార్లమెంటు వాక్యం, అన్నీ పోయాయి. 'వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది' అన్న మాట ఒక్కటే మిగిలింది. 2025 నవంబరులో ఈ మార్పు అమలులోకి వచ్చింది.

ప్రభుత్వం చెప్పే సమాధానాన్ని కూడా మీ ముందు పెట్టడం నా ధర్మం. సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(2) అలాగే ఉంది కదా, హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చు కదా అంటోంది. నిజమే, ఆ సెక్షన్ ఉంది. కానీ మండలాఫీసులో కూర్చున్న సమాచార అధికారి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. కాంట్రాక్టరు పేరు వ్యక్తిగత సమాచారం. బిల్లు మీద సంతకం చేసిన ఇంజినీరు పేరు వ్యక్తిగత సమాచారం. మస్టర్లో ప్రతి వరసా వ్యక్తిగత సమాచారం. ఇవ్వను అనడానికి ఒక్క వాక్యం చాలు. ఇస్తాను అనాలంటే తూచాలి, రాయాలి, పైవారికి నచ్చజెప్పాలి. నిన్నటిదాకా అధికారి విధిగా చేయవలసిన ఆలోచన ఇవాళ ఆయన ఇష్టం మీద ఆధారపడింది. అదే చట్టంలోని సెక్షన్ 4 మాత్రం ఉద్యోగుల నెల జీతాలు, రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించమని ఇప్పటికీ చెబుతోంది. ఒక చేత్తో తెరువు అంటూ, రెండో చేత్తో మూసుకో అంటున్న చట్టాన్ని కింది ఉద్యోగి ఎలా అర్థం చేసుకుంటాడు? భయపడేవాడు మూయడమే క్షేమమనుకుంటాడు.

గోప్యత పేరు చెప్పి శక్తిమంతులు దాక్కున్న సందర్భాలు ఈ దేశానికి కొత్త కాదు. ఎన్నికల్లో పోటీచేసేవారు ఆస్తులు, నేర చరిత్ర వెల్లడించాలని 2002లో సుప్రీంకోర్టు అన్నప్పుడు, అది అభ్యర్థుల వ్యక్తిగత విషయమనే వాదన వచ్చింది. ఇవాళ ప్రతి ఎన్నికకూ మనం ఆ అఫిడవిట్లు చదువుతున్నాం, ప్రజాస్వామ్యానికేమీ కాలేదు. ఎన్నికల బాండ్ల కేసులోనూ పార్టీలకు విరాళం ఇచ్చినవారి గోప్యతే వాదన. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తులు ఆ పథకాన్ని కొట్టివేస్తూ రెండు హక్కుల్నీ పక్కపక్కన పెట్టి తూచారు. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందన్నారు. ఆ తూకమే నేను అడుగుతున్నది. తక్కెడనే తీసి పక్కన పెట్టేస్తే ఎలా?

బలహీనుల విషయంలో మాత్రం గోప్యతను ఎవరూ గుర్తుచేసుకోరు. 2020 మార్చిలో కర్ణాటకలో ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్నవారి చిరునామాలు ప్రకటించారు. తెలంగాణలో కంప్యూటర్ వడపోతతో రద్దయిన రేషన్ కార్డుల్లో సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ ఇంటింటికీ వెళ్లి పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఆ కుటుంబాల గురించి యంత్రానికి అన్నీ తెలుసు. తమ కార్డు ఏ లెక్కన పోయిందో ఆ కుటుంబాలకు తెలియదు. పౌరుడు అద్దాల గదిలోనూ, ప్రభుత్వం తెర వెనకా ఉండడం న్యాయం కాదు. గోప్యత హక్కు, సమాచార హక్కు రెండూ ఈ అన్యాయాన్ని సరిచేయడానికే ఉన్నాయి. అందుకే అవి ఒకదానికొకటి శత్రువులని ఎవరైనా చెబితే నేను నమ్మను.

సమాచార హక్కు దుర్వినియోగం కావడం లేదా అని మీరు అడగవచ్చు. అవుతోంది. భార్యాభర్తల తగాదాల్లో జీతాల వివరాలు లాగడానికి, ఆఫీసులో గిట్టనివాడి సెలవు చీటీలు తవ్వడానికి, కొన్నిచోట్ల బెదిరించి డబ్బు గుంజడానికి కూడా వాడుతున్నారు. వాటిని ఆపడానికే పాత 8(1)(జె) ఉండేది. 2012లో గిరీష్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఒక ఉద్యోగి సర్వీసు రికార్డు, ఆదాయపు పన్ను రిటర్నులు వ్యక్తిగతమేనని ఆ సెక్షన్ ఆధారంగానే చెప్పింది. అవసరమైన దానికంటే ఎక్కువే మూసిన తీర్పు అది అని నా భావన. ఏమైనా, చొరబాట్లను ఆపడానికి పాత సెక్షన్‌కు బలం లేదని మాత్రం ఎవరూ అనలేరు.

అడిగేవారి గోప్యత సంగతి కూడా చెప్పాలి. దీని గురించి మాట్లాడేవారు తక్కువ. 2010లో పుణె దగ్గర సతీశ్ శెట్టి, అహ్మదాబాద్‌లో అమిత్ జెఠ్వా అనే సమాచార హక్కు కార్యకర్తలు హత్యకు గురయ్యారు. ఒకరు భూముల అక్రమాలు, మరొకరు అక్రమ గనుల గుట్టు బయటపెడుతున్నవారు. దరఖాస్తుదారు కారణం చెప్పనక్కర్లేదని, సంప్రదించడానికి తప్ప సొంత వివరాలు ఇవ్వనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటోంది. పోస్టుబాక్సు నంబరు ఇచ్చినా చాలని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. అయినా దరఖాస్తు అందిన సాయంత్రానికే అడిగినవారి పేరు కాంట్రాక్టరు చెవిన పడే ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. గోప్యత మీద నిజమైన ప్రేమ ఉంటే అది మొదట ఇక్కడ కనపడాలి.

ఈ హక్కు మీకు ఎంత దగ్గరిదో ఒక ఉదాహరణ. 2011లో ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో, మూల్యాంకనం చేసిన మీ జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు, నకలు తీసుకునే హక్కు మీకున్నాయని సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని దిద్దిన అధ్యాపకుడి పేరు మాత్రం ఇవ్వనక్కర్లేదంది. ఎంత సబబైన గీత అది! మార్కులు ఎలా పడ్డాయో తెలియాలి. పెన్ను పట్టినవారి ఇంటి మీదికి ఎవరూ వెళ్లకూడదు. అలాంటి గీత గీయడానికి సెక్షన్ 10 కూడా వీలిస్తోంది. ఒక పత్రంలో ఇవ్వకూడని భాగం ఉంటే దాన్ని తొలగించి మిగతాది ఇవ్వాలి. మొత్తం కాగితాన్ని దాచడానికి ఒక గడి సాకు కాకూడదు.

మీలో గ్రూప్స్ రాసేవారున్నారు, పంచాయతీ కార్యదర్శులయ్యేవారున్నారు, ఏదో ఒకరోజు బల్లకు ఇవతలి పక్క కూర్చునేవారు చాలామందే ఉన్నారు. మీ దగ్గరికి ఒక దరఖాస్తు వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. ముప్ఫై రోజులు గడువు. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే నలభై ఎనిమిది గంటలు. ఆ కాగితం చేతికి రాగానే 'వ్యక్తిగత సమాచారం' అన్న రబ్బరు స్టాంపు కోసం వెతకకండి. ఫైలు తెరిచి, ఒక్కొక్క గడి చూడండి. అందులో ప్రజల సొమ్ము ఉందా, ప్రజల అధికారం ఉందా? ఉంటే పేరుతో సహా ఇవ్వండి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, జబ్బు, ఇంటి చిరునామా ఉన్నాయా? ఆ వరస కొట్టేసి మిగతాది ఇవ్వండి. సెక్షన్ 8(2) ఇచ్చిన వెసులుబాటును మీ పైఅధికారికి చూపి, ఇది ఇవ్వదగ్గదని నోట్ పెట్టండి. అలాంటి నోట్ ఒక్కసారి ఫైల్లో పడితే, తరవాత వచ్చే ఉద్యోగికి ధైర్యం వస్తుంది.

నిజంగానే ఇవ్వకూడదని తేలితే కారణం రాయండి. ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చో, ఎవరికి చేసుకోవాలో కూడా రాయండి. సెక్షన్ 7(8) ప్రకారం అది మీ బాధ్యత.

బల్లకు అవతలి పక్క నిలబడేవారికీ ఒక మాట. మీకు నిరాకరణ లేఖ వస్తే అక్కడితో ఊరుకోకండి. అప్పీలుకు వెళ్లండి. ఆ విచారణలో నిరాకరణ సబబేనని రుజువు చేయవలసిన భారం నిరాకరించిన అధికారిదేనని సెక్షన్ 19(5) స్పష్టంగా చెబుతోంది. 2025 మార్పులు ఆ సెక్షన్‌ను తాకలేదు. మీ అప్పీలులో మొదటి వాక్యంగా దాన్నే రాయండి.